పిలిచి దించిన టేపు

ఎవరైనా దయ్యం కథ మొదలుపెడితే లేచి వంటింట్లోకి వెళ్ళిపోయే మనిషిని నేను. భయంతో కాదు, విసుగుతో. ఇప్పటికీ అంతే. అందుకే దీన్ని దయ్యం కథ అనను. జరిగింది జరిగినట్టు చెబుతాను, పేరు మీరే పెట్టుకోండి.

తొంభైలలో నారాయణగూడలో ఒక చిన్న ప్రైవేటు ఆఫీసులో పనిచేసేదాన్ని. నది కాలువల కింద సాగయ్యే ప్రాంతంలో భూగర్భజలం ఎటు కదులుతోందో, ఎంత తగ్గుతోందో కంప్యూటర్లో లెక్కగట్టే పని మాది. లెక్క సంగతి తర్వాత, దానికి ముందుండే చాకిరీ బోలెడు. మ్యాపు మీద నేలనంతా గళ్ళుగా విడగొట్టాలి. ఒక్కో గడిలో కాలువ నుంచి ఎంత ఇంకుతోంది, వరిమడి నుంచి ఎంత దిగుతోంది, మోటార్లు ఎంత తోడేస్తున్నాయి, బావిలో నీళ్ళు ఎంత లోతున ఉన్నాయి, అన్నీ ఎక్కించాలి. ఆ ఎక్కించే మనిషిని నేను.

బావులు కొలుచుకొచ్చే మనిషి మాధవ్. ఊళ్ళు తిరిగి ఎండకు నల్లబడి వచ్చి, కాగితాలు నా బల్ల మీద పెట్టేవాడు. పనిలో చేరిన కొత్తలో, అతను 'ఎండింది' అని రాసిన బావులన్నిటికీ నేను సున్నా కొట్టాను. మా లెక్కలో సున్నా లోతు అంటే నీళ్ళు నేల అంచుదాకా ఉన్నాయని అర్థం. మ్యాపు తీసి చూస్తే కరువు ఊళ్ళన్నీ చెరువులై కూర్చున్నాయి. మా సారు తల పట్టుకున్నారు. మాధవ్ మాత్రం నవ్వు ఆపుకోలేకపోయాడు.

"ఎండిన బాయిలల్ల నీళ్ళు తెప్పించినవ్ గద మేడం. మా ఊరికి గూడ జర వచ్చిపో," అన్నాడు. అతనిది పాలమూరు వైపు.

ఆ ఏడాదే పెళ్ళి చేసుకున్నాం. అశోక్‌నగర్‌లో ఒక ఇంటి వెనక వాటా కిరాయికి దొరికింది. పెరట్లో పాత బావి ఉండేది. నల్లా వచ్చాక దాని మొహం చూసినవాళ్ళు లేరు. మాధవ్‌కి మాత్రం అది ఆదివారం ముచ్చట. వారమంతా ఊళ్ళలో బావులు కొలిచొచ్చి, ఇంట్లో మళ్ళీ బావి కొలిచే మొగుణ్ణి నేనెక్కడా చూడలేదు. దానికోసం చిక్కడపల్లిలో చాక్‌పీసుల డబ్బా కొనుక్కొచ్చేవాడు.

అతని పద్ధతి ఎక్కడైనా ఒకటే. ముందు బావిలోకి వంగి, "ఓయ్, ఉన్నవా?" అని గట్టిగా పిలిచేవాడు. రాళ్ళ సందుల్లో పావురాలుంటే లేచిపోతాయి, లేకపోతే టేపు దించేటప్పుడు మొహం మీదికి వస్తాయట. తర్వాత స్టీలు టేపు చివర చాక్‌పీసు రుద్ది దించేవాడు. నీళ్ళు తగిలిన మేర చాక్ రంగు ముదురుతుంది, పైకి లాగి చూసుకుంటే లెక్క తేలిపోతుంది.

మా బావిలో పావురాల్లేవు. మరి ఎవర్ని పిలుస్తున్నావని అడిగాను.

"నీళ్ళనే. చెప్పకుండ ఎవరింట్లకన్న పోతమా?"

చివరిసారి కొలిచినప్పుడు అడుగున మూరెడు నీళ్ళున్నాయి. టేపు తడిని తన మోచేతి పక్కన పెట్టి నాకు చూపించాడు. గల్లీలో ఇంటింటికీ బోరు పడుతోంది, ఈ బావి ఎండాకాలం దాటదన్నాడు. బావికంటే ముందు తనే పోయాడు. కామెర్లు ముదిరాయి. ఆసుపత్రిలో చేర్చాక ఎన్నో రోజులు లేడు.

ఆ తర్వాత బావి కూడా ఎండింది. అయినా నేను ఆదివారం టేపు దించుతూనే ఉన్నాను. పొడిగా పైకి వచ్చేది. పిలవడం మాత్రం నా వల్ల కాలేదు. అతని గొంతుతో విన్న మాట నా గొంతుతో వినాలనిపించలేదు. అతను లేకపోవడం నాకు ఇల్లంతా తెలుస్తూనే ఉండేది, కానీ బావి దగ్గర నిలబడితే ఇంకా ఫీల్డు నుంచి రాలేదంతే అనిపించేది. ఆ కాసేపు నాకు కావాలి.

మరుసటి ఎండాకాలంలో ఇంటి ఓనరమ్మ వచ్చి కూర్చుంది. పై వాటాలో ఉండే పెద్దావిడ, మాధవ్ అంటే ప్రాణం.

"బిడ్డా, రేపు మట్టి లారీ వస్తది. బాయి పూడిపిచ్చి ఒక రూము ఏపిస్త. నీకు బాధైతదని నాకెర్కే. గని ఎండిన బాయిని పెట్టుకొని ఏం జేస్తం?"

సరేనన్నాను.

మర్నాడు లారీ రాకముందే బావి దగ్గరికి వెళ్ళాను. ఎండ బాగా ఎక్కింది. అద్దం పెట్టి వెలుగు లోపలికి కొట్టి చూశాను. నెర్రెలిచ్చిన అడుగు, ఎండుటాకులు, అంతే. టేపుకి చాక్ రుద్దాను. ఇదే ఆఖరు కదా అనుకుని, వంగి పిలిచాను.

"ఓయ్, ఉన్నవా?"

ఏ జవాబూ రాలేదు. రాలేదని స్పష్టంగా చెప్పగలను. టేపు దించి, అడుగు తగిలాక లాగాను. చివరన చాక్ తడిసి ఉంది. మూరెడు మేర. నా చేతికి చల్లగా తగిలింది.

నా కేక విని ఓనరమ్మ కిందికి దిగి వచ్చింది. టేపు ఆమె చేతికిచ్చాను. వేలితో రాసి చూసింది.

"తడే ఉన్నది బిడ్డా," అంది మెల్లగా.

తుడిచి, మళ్ళీ చాక్ రుద్ది దించాను. పొడిగా వచ్చింది. అద్దంతో చూస్తే ఆకులు కూడా కదల్లేదు. అంతలో లారీ వచ్చింది. ఓనరమ్మ పసుపు కుంకుమ వేసి దండం పెట్టుకుంది. మధ్యాహ్నానికి బావి లేదు.

నా చేతి చెమట అనుకుందామంటే మూరెడు చెమట పట్టదు. ఎక్కడో పైపు పగిలిందనుకుందామంటే అడుగు తడవాలి. మా ఆఫీసులో అయితే ఇలాంటి కొలతను అనుమానం కింద కొట్టేస్తాం. నేను కొట్టేయలేకపోయాను, ఎవరికీ చెప్పనూ లేదు.

కొత్త రూముకి గోడలు లేచాక ఒకరోజు ఓనరమ్మ అడిగింది.

"ఆ పొద్దు మొదటిసారి దించేటప్పుడు నువ్వు పిలిచినవ్. నాకు పైకి వినబడ్డది. మళ్ళ టేపు దించేటప్పుడు పిలువకపోతివేంది?"

ఆవిడ పక్కన నిలబడి ఉంటే సిగ్గేసింది, అందుకే పిలవలేదు. పిలవడంలో ఏదో ఉందని ఆ నిమిషం దాకా నాకు తట్టలేదు. మాధవ్ పిలవకుండా టేపు దించడం నేను ఒక్కసారీ చూడలేదు. రెండోసారి కూడా పిలిచి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. టేపు ఇంకా నా దగ్గరే ఉంది. దించి చూడ్డానికి ఆ బావి లేదు.