నేను టాఫీలు మాన్పించిన కథ

ఆ రోజుల్లో నాకు ఇరవై రెండేళ్ళు. ఆ వయసులో లోకాన్ని బాగుచేయడం జడ వేసుకున్నంత సులువనిపిస్తుంది. ఎటొచ్చీ బాగుపడడానికి ఎవరో ఒకరు దొరకాలి. నాకు ఆ కష్టం కూడా లేకుండా అండమాన్‌లో బాంబూఫ్లాట్ అనే ఊళ్ళోని ఒక సర్కారు బడిలో ఒకటో తరగతి పిల్లలు ముప్పై మంది ఒకేసారి దొరికారు. పలాస దగ్గర మా ఊరి నుంచి బయలుదేరి, ఓడలో మూడు రోజులు వాంతులు చేసుకుంటూ పోర్ట్ బ్లెయిర్‌లో దిగి, డెలానీపూర్ క్వార్టర్స్‌లో అన్నయ్య ఇంట్లో మకాం పెట్టాను. రోజూ బోటు మీద అవతలి ఒడ్డుకు వెళ్ళి పాఠం చెప్పి రావాలి. ఉద్యోగం టెంపరరీ. ఆరు నెలలకోసారి పొడిగిస్తే ఉన్నట్టు, లేకపోతే మళ్ళీ ఓడ, మళ్ళీ వాంతులు, అవతల రేవులో నాన్న. ("నే ముందే చెప్పలేదూ?" అనే మాటని ఆయన నేను బయలుదేరిన రోజే సిద్ధం చేసి పెట్టుకున్నాడు.) అందుకని ఆ ఆరు నెలల్లో పైవాళ్ళ కళ్ళలో పడే ఘనకార్యం ఏదో ఒకటి చేసి తీరాలని కంకణం కట్టుకున్నాను.

ఆ ఘనకార్యం నాకు పిల్లల నోళ్ళలో కనిపించింది. ముప్పై నోళ్ళలో ఇరవై నోళ్ళకి ముందు పళ్ళు నల్లగా అరిగిపోయి ఉండేవి. పుట్టినరోజు వచ్చిన పిల్ల తరగతి మొత్తానికీ టాఫీలు పంచడం అక్కడ ఆనవాయితీ. పుట్టినరోజులు చాలకపోతే తమ్ముడికి నడక వచ్చిందనీ, నాన్నకి ప్రమోషన్ వచ్చిందనీ పంచేవాళ్ళు. నా పెట్టెలో పిల్లల ఆరోగ్యం గురించిన పుస్తకం ఒకటుంది. పంటికి అంటుకునే తీపి పెట్టకండి, యాపిల్, క్యారెట్, పాలు పెట్టండి అని అందులో బొమ్మలతో సహా ఉంది. ఓ సాయంత్రం వదిన చేపలు తోముతుంటే ఎదురుగా కూర్చుని దాన్ని గొంతెత్తి చదివాను.

"యాపిలా?" అంది వదిన తలెత్తకుండా. "నేనిక్కడికి కాపురానికొచ్చి నాలుగేళ్ళయింది. యాపిల్ని క్యాలెండర్లో తప్ప చూడలేదు. పాలు డబ్బాలో పొడి. బెల్లం ఉండ పెట్టకూడదూ పిల్లలకి?"

"బెల్లం ఇంకా అంటుకుంటుంది వదినా!"

"అయితే కొబ్బరి ముక్క పెట్టు. దానికేం కరువు మనకి?"

మర్నాడే బోర్డు మీద సుద్దతో పెద్ద పన్ను గీసి, దానికి నల్లటి కన్నం పెట్టి, ఆ కన్నంలో కొమ్ములున్న పురుగుని కూర్చోబెట్టాను. (పుస్తకంలో కొమ్ములు లేవు. అది నా సొంత కల్పన.) టాఫీ పంటి సందులో ఇరుక్కుని రోజంతా ఉంటుందనీ, తీపి తినాలనిపిస్తే అన్నంతో పాటే తినేసి నీళ్ళు పుక్కిలించాలనీ, ఇకనుంచి పుట్టినరోజుకి కొబ్బరి ముక్క, జామకాయ, దోసకాయ ముక్క తప్ప ఇంకోటి తేకూడదనీ చెప్పాను. ముందు వరసలో ఓ బొద్దు పిల్ల ఉండేది. అందరూ బొండాం అని పిలిచేవాళ్ళు. అది లేచి, "టీచర్, కొబ్బరి మా ఇంట్లో ముర్గీలకి వేస్తాం," అంది. తరగతంతా కోళ్ళలా అరిచింది. నేను కోపంతో ఎర్రబడి పాఠాన్ని మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. ఆ రోజే కాదు, రోజూ చెప్పాను. ఏ లెక్క మొదలుపెట్టినా టాఫీ దగ్గరికే వచ్చి తేలేదాన్ని.

మూడు వారాలు తిరిగేసరికి అద్భుతం జరిగింది. తరగతిలో టాఫీ కాగితం కనిపిస్తే ఒట్టు! ఒక పుట్టినరోజుకి జామకాయలొచ్చాయి, ఇంకోదానికి నిజంగానే కొబ్బరి ముక్కలొచ్చాయి. పిల్లలు ఉసూరుమంటూ నమిలారు. నా ఆనందానికి పట్టపగ్గాల్లేవు. సరిగ్గా అప్పుడే మా ఇంట్లో కూరలో ఉల్లిపాయ మాయమైంది, తర్వాత బంగాళాదుంప, ఆ తర్వాత టీలో సగం చక్కెర. మిడిల్ పాయింట్ బజారులో కొట్టతను, "జహాజు మరమ్మతులో ఉందమ్మా, ఎప్పుడొస్తుందో ఏమో," అంటూ ఖాళీ సీసాలు తుడుచుకుంటున్నాడు. ఉల్లిపాయ లేదని ఇంట్లో సణిగిన నోటితోనే బడిలో టాఫీ లేదని గొప్పలు చెప్పుకున్నాను. రెండూ వచ్చేది ఆ ఒక్క ఓడలోనేనని నా బుర్రకి తట్టనే లేదు.

మా పెద్దమాస్టారు పాతికేళ్ళుగా ద్వీపాల్లో ఉన్న మనిషి. నా విజయగాథ విని కాసేపు నావైపు అదోలా చూశారు. (మెచ్చుకోలు అనుకున్నాను. జాలి అని ఇప్పుడు తెలుస్తోంది.) ఓడ సంగతి ఆయనకు తెలియకపోవడమేమిటి? కానీ బడికి మంచి పేరు వస్తానంటే ఆయన మాత్రం ఎందుకు వద్దంటారు? పైకి ఉత్తరం రాశారు. తనిఖీకి వచ్చే అధికారి సోమవారం స్వయంగా వచ్చి చూస్తారనీ, నా పొడిగింపు కాగితం కూడా ఆయన చేతిలోనే ఉందనీ జవాబొచ్చింది.

శనివారం మధ్యాహ్నం రేవులో ఓడ కూత వినిపించింది. ఆదివారం ఉల్లిపాయ పులుసు తిని హాయిగా పడుకున్నాను. సోమవారం బడి గుమ్మంలోనే ఆయమ్మ ఎదురైంది. ద్వీపాల్లోనే పుట్టి పెరిగిన శ్రీకాకుళపు కుటుంబం మనిషి.

"టీచరమ్మా, మీ టాఫీ బంద్ ఇయ్యాల్టితో ఖతమ్. జహాజ్ ఒచ్చీసింది గదా!"

"జహాజుకీ టాఫీకీ ఏం సంబంధం?"

"అదేటమ్మా అలాగంటారు? రెండు నెల్లుగా దుకాణాల్లో టాఫీ ఉంటే గదా పిల్లలు తినడానికి!"

తరగతిలోకి పరిగెత్తాను. ముప్పై మందీ బుద్ధిగా కూర్చున్నారు. నా బల్ల మీద టాఫీల గుట్ట! ఎర్ర కాగితాలు, పచ్చ కాగితాలు, కొన్ని అప్పటికే సగం నాకి మళ్ళీ చుట్టినవి.

"ఏమిటివి?" అన్నాను.

"మీకే టీచర్," అంది బొండాం. "రోజూ టాఫీ టాఫీ అంటారు కదా. మా అమ్మీ చెప్పింది, బిచారీ, పాపం, మెయిన్‌ల్యాండ్ నుంచి వచ్చింది, ఇక్కడ దొరక్క అలా కలవరిస్తోంది, జహాజ్ రాగానే ఒకటి తీస్కెళ్ళి ఇయ్యి అని. అందరం తెచ్చాం."

నవ్వాలో ఏడవాలో తేల్చుకునేలోపే గుమ్మంలో పెద్దమాస్టారు, వెనక అధికారి. ఆయన కళ్ళు సరాసరి బల్ల మీదికే వెళ్ళాయి. "ఏమిటివన్నీ?" అని హిందీలో అడిగారు. నేను నోరు తెరిచేలోగా పెద్దమాస్టారు, "జప్తు చేసింది సార్! చాలా స్ట్రిక్టు," అనేశారు. అధికారి నావైపు చూశారు. నాకు ఓడ కనిపించింది, వాంతులు కనిపించాయి, రేవులో నాన్న కనిపించాడు. తలూపాను. అవును, సిగ్గు లేకుండా తలూపాను. ఆయన "శభాష్" అని కలం తీశారు.

"నహీ సార్!" బొండాం లేచి నిలబడింది. ముందు పళ్ళు రెండూ లేని నోటితో, చేతులు నడుముకి ఆన్చి, అంతెత్తు మనిషి మీద కయ్యానికి దిగింది. "టీచర్ లాక్కోలేదు. టీచర్ చోర్ కాదు. మేమే ఇచ్చాం, తినడానికి. టీచర్ అచ్ఛీ హై!"

నన్ను కాపాడుతున్నానని దాని నమ్మకం. అధికారి కలానికి మూత పెట్టేసి, నన్నూ ఆ పిల్లనీ మార్చి మార్చి చూసి, "ప్రేమగా ఇచ్చారు కదా, తినండి మేడమ్," అన్నారు. తిన్నాను. అది పాల టాఫీ. పై దవడకి, కింది దవడకి కలిపి అంటుకుపోయింది. ఆ క్షణంలోనే ఆయన, పిల్లల పళ్ళకి ఏ తినుబండారం మంచిదో చెప్పమన్నారు. నేను "మ్మ్... మ్మ్..." అంటుంటే, ముప్పై గొంతులు, "కొబ్బరి ముక్క!" అన్నాయి, కషాయం పేరు చెప్పినట్టు. "మరి టాఫీ తింటే?" అని ఆయన. "పానీ! పుక్కిలించాలి!" అని వాళ్ళు. ఆయమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చింది. నేను కిటికీ దగ్గర నిలబడి, సర్కారు సమక్షంలో, ముప్పై మంది లెక్కపెడుతుండగా, పదిసార్లు పుక్కిలించాను.

ఆయన వెళ్ళేటప్పుడు గుట్టలోంచి ఒక పచ్చ కాగితం తీసి జేబులో వేసుకున్నారు (ఇంట్లో పిల్లలకట). తర్వాత వచ్చిన కాగితంలో పళ్ళ గురించి ఒక్క ముక్క లేదు. "పిల్లలకు ఈ ఉపాధ్యాయిని అంటే భయం లేదు. కొనసాగించవచ్చు," అని మాత్రం ఉంది. అలా కొనసాగుతూనే ముసలిదాన్నయ్యాను. నా ఘనకార్యానికి కాదు, నా మానాన నేను అబద్ధమాడుతుంటే అడ్డుపడిన ఆరేళ్ళ పిల్ల నోటికి దక్కిన ఉద్యోగం అది. ఇప్పుడు తలుచుకుంటే ఆ తలూపిన అమ్మాయి మీద కోపం రాదు. పాపం, ఎంత భయపడిందో అనిపిస్తుంది.

అధికారి గడప దాటగానే బొండాం నా కొంగు పట్టుకుని, "బాగుందా టీచర్?" అని అడిగింది. చాలా బాగుందే అన్నాను. ఆ రోజు నన్ను ఎవరెవరో ఎన్నో అడిగారు గానీ, నేను నిజం చెప్పింది దానికొక్కదానికే.