ఆడి గాలికి ఎదురుగా స్టెల్లా

నేను పని మానడానికి మూడేళ్ల ముందు, గాలులు వీచే ఆడి (ఆషాఢ) నెలలో, కోయంబత్తూరులోని ఒక పంపుసెట్ల కంపెనీ సైకిల్ జట్టుకు మేనేజరుగా ఉన్నాను. అంతకుముందు చాలా ఏళ్లు రేసులు నడిపించాను. పోలీసు అనుమతి మొదలు ముగింపు గీత గీయించడం దాకా అన్నీ నా చేతిమీదే జరిగేవి.

ఆ రోజు కినత్తుకడవులో ముగిసే ఆడవాళ్ల రోడ్డు రేసు. మొదట వచ్చినవారికి రాష్ట్ర జట్టులో చోటు. మా వాళ్లు ఇద్దరు గుంపును వదిలి ముందుకెళ్లారు. ఒకరు మా ఓనరు తమ్ముడి కూతురు హరిణి. ఇంకొకరు మదురై పారిశుధ్య కార్మికుల క్వార్టర్స్ నుంచి వచ్చిన స్టెల్లా. ఆ చోటు దొరికితే స్టెల్లాకు స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వస్తుంది. వయసు పరిమితికి అదే ఆఖరి ఏడు.

ఆడి గాలికి సన్నికల్లే ఎగురుతుందని మావైపు సామెత. ఎదురుగాలిలో ముందున్నవారు గాలి కోస్తే వెనకవారికి సగం శ్రమ తప్పుతుంది. అందుకే వంతులు వేసుకుంటారు. వెనక గుంపు దూరంగా ఉంటే జట్టు కారును ముందువారి దగ్గరికి పోనిస్తారు. నీళ్ల సీసా కోసం స్టెల్లా నా కిటికీ దగ్గరికి వచ్చింది. నువ్వే గాలి కోయి, చివర ఇద్దరూ పోటీ పడండి, గెలిచినవాళ్లకే చోటు అని అరవంలో చెప్పాను.

వెనక సీట్లోంచి ఓనరు తెలుగులో అడిగాడు: "ఏమి తమ్ముడూ, మన పాప గెలుస్తాదా?"

"కవల వద్దణ్ణా, దిగులు పడొద్దు. ఇది ఎద్దు మాదిరి లాగతాది. ఆఖర్న దీని కాళ్లు చచ్చిపోతాయి, మన పాప దూసుకుపోతాది."

పనివాళ్ల ఎదుట గుట్టు మాటలు తెలుగులో మాట్లాడుకోవడం అరవనాట స్థిరపడ్డ మా తెలుగు ఇళ్లలో అలవాటు. మా నాయన తోటలో చేసేవాడు, నేను కారులో చేశాను. తెలుగు మా సొత్తేనన్న పొగరు, ఇంకేమిటి!

స్టెల్లా సీసా తీసుకుని ముందుకు పోయింది. కాసేపు అలాగే లాగింది. మూడు కిలోమీటర్ల బోర్డు దగ్గర సైకిల్ దిగి రోడ్డు పక్కన నిలబడింది. పంక్చరా అని అరవంలో అరిచాను.

"మా ఇంట్లోనూ తెలుగే సార్. ఎద్దు కాడి పారేసినాది. ఇంక మీరే లాక్కోండి," అంది.

ఒంటరిగా మిగిలిన హరిణిని ఆ గాలిలో గుంపు పట్టేసింది. సెలెక్టర్లకు పంపే రిపోర్టులో నేను 'స్టెల్లా కండరం పట్టి ఆగిపోయింది' అని రాశాను. నిజం రాస్తే నా ఉద్యోగం పోయేది. ఆ ముక్క చూసి సెలెక్టర్లు స్టెల్లాను మళ్లీ పిలవలేదు. ఆమె సైకిల్ మానేసింది. మూడేళ్లకు నేను పని మానినప్పుడు నాకు శాలువా కప్పి సాగనంపారు.

రేసులో మేనేజరు తొక్కడు, మాట మాత్రమే ఇస్తాడు. నేను ఒకే కిటికీలోంచి రెండు మాటలిచ్చాను. ఆమె రెండూ విన్నది.