పరంధామయ్యగారి బాస్కెట్‌బాల్ పెళ్ళిచూపులు

పరంధామయ్యగారికి లోకంలో జరిగే ప్రతి వ్యవహారమూ పెళ్ళిసంబంధమే. అమెరికాలో, చికాగో దగ్గర నేపర్‌విల్‌లో కొడుకు ఉమాకాంత్ ఇల్లు కొంటుంటే, అమ్మేవాళ్ళ మేనమామలు ఏం చేస్తుంటారని ఆరా తీశారు. రైల్వేలో బుకింగ్ క్లర్కుగా చేస్తూ నలుగురు చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు చేసిన మనిషి. రిటైరైనా ఆ ధోరణి మాత్రం వదల్లేదు.

మనవరాలు దేదీప్య హైస్కూల్ చివరి ఏడాది. బాస్కెట్‌బాల్‌లో చిచ్చరపిడుగు. తమ జట్టులోకి తీసుకోవచ్చా అని చూడడానికి కాలేజీ కోచ్‌లు స్కూల్ జిమ్‌కి వస్తారని తెలియగానే పెద్దాయన పంచె ఇస్త్రీ చేసుకున్నారు.

"పెళ్ళివారు ఎంతమందొస్తున్నార్రా?"

"పెళ్ళివారు కాదు నాన్నా, కోచ్‌లు!"

"పిల్లని చూడ్డానికేగా వచ్చేది?"

ఉమాకాంత్ కారు తాళాలు తీసుకున్నాడు.

ఆట అయ్యాక ఒక పెద్ద యూనివర్సిటీ కోచ్ ముందుకు జంతికల డబ్బా వెళ్ళింది. దేదీప్య పరుగున వచ్చింది.

"తాతయ్యా, ప్లీజ్! వాళ్ళు ఏం తీసుకోకూడదు. రూల్!"

"పలహారం ముట్టని సంబంధం కుదరగా నేను చూళ్ళేదమ్మా."

కోచ్ నవ్వి, విజిటింగ్ కార్డు ఇచ్చి, త్వరలో కబురు చేస్తామని చెప్పి వెళ్ళాడు.

"అంటే ఇంటికెళ్ళి ఉత్తరం రాస్తామని," అన్నారు పరంధామయ్యగారు దిగులుగా.

ఆ కబురు కోసం దేదీప్య రెండు నెలలు అల్లాడిపోయింది. పళ్ళు తోముకుంటూ ఫోన్ చూసేది. అన్నం కలిపి, తినడం మరిచిపోయి ఫోన్ చూసేది. ఈలోగా పక్క రాష్ట్రం విస్కాన్సిన్‌లోని ఒక చిన్న కాలేజీ జట్టులో చోటిస్తామంది. శుక్రవారం వచ్చి కాలేజీ చూసుకుని, ఆ రోజే అవునో కాదో చెప్పాలి. అవునంటే పెద్ద యూనివర్సిటీ మీద ఆశ వదులుకోవాలి. ఆగుదామంటే రెండూ పోవచ్చు.

"ఏం చేద్దాం డాడీ?"

"నువ్వే డిసైడ్ చేసుకోమ్మా," అన్నాడు ఉమాకాంత్, గోళ్ళు కొరుక్కుంటూ.

గురువారం స్కూల్ నుంచి రాగానే ఫోన్ మోగింది. పెద్ద యూనివర్సిటీ కోచ్. ఆ స్థానానికి వేరే అమ్మాయిని తీసుకున్నామని, ఈ మాట ఎప్పుడో చెప్పాల్సిందని, క్షమించమని అన్నాడు.

"మీ తాతగారు ప్రతి సోమవారం ఫోన్ చేసి సిగ్గుపడేలా చేశారు," అన్నాడు చివర్లో.

దేదీప్యకి ఒళ్ళు మండింది. "నన్ను తీసుకోమని బతిమాలారా?"

"ఒక్కసారి కూడా అడగలేదు. వద్దనుకుంటే వద్దని చెప్పెయ్యండి, పిల్ల తిండి తినడం లేదు అనేవారు. ఆయన చెల్లెలు మీనాక్షిగారిని చూసి వెళ్ళినవాళ్ళు పదకొండు నెలలు ఏ మాటా చెప్పలేదట. ఆ అమ్మాయి రోజూ గుమ్మంలో నిలబడేదట."

దేదీప్య వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడ్చాక ఆకలేసింది. మూడు దోసెలు తిని, తాతయ్య గదిలోకి వెళ్ళింది.

"రేపు విస్కాన్సిన్‌కి మీరూ రండి తాతయ్యా."

"మనం వెళ్ళి చూడ్డమా?" ఆయన మొహం వెలిగిపోయింది. ఆడపిల్ల తరఫున వెళ్ళి మగపెళ్ళివారి హోదా అనుభవించడం ఆయనకు జీవితంలో అదే మొదటిసారి.

శుక్రవారం ఆ చిన్న కాలేజీలో ఆయన కుళాయిలు తిప్పి చూశారు, హాస్టల్ వంటావిడని పలకరించారు, జిమ్ నేలని కాలితో తట్టి చూశారు. తీరిగ్గా కూర్చుని మనవరాలి చెవిలో అడిగారు.

"నచ్చిందా?"

"చాలా నచ్చింది. ఇంటికెళ్ళి ఈవెనింగ్ మెయిల్ చేస్తాను."

"ఇప్పుడే చెప్పెయ్యమ్మా," అన్నారు పరంధామయ్యగారు, తలుపు దగ్గర నిలబడ్డ ఆ కాలేజీ కోచ్‌ని చూపిస్తూ. "పాపం, ఆవిడ పొద్దుట్నుంచీ మన మొహాలే చూస్తోంది."