కుందేలు రెండో చెవి

మా వియ్యపురాలు పోయారు. ఆదివారం పొద్దున చర్చికి బయల్దేరుతూ, తెల్లచీర కుచ్చిళ్ళు సర్దుకుని, ఒక్క నిమిషమని కుర్చీలో కూర్చున్నారట. మళ్ళీ లేవలేదు. చిలకలగూడ నుంచి ఆమె చెల్లెలు ఫోన్ చేస్తే, ఆ ఫోన్ చేత్తో పట్టుకునే మా కోడలు వంటగదిలోకి వచ్చింది. "అత్తయ్యా, అమ్మ..." అంది. ఆ తర్వాత దానికి మాట రాలేదు. నాకూ రాలేదు. నన్నెరిగిన వాళ్ళెవరూ ఈ రెండో సంగతి నమ్మరు.

ఆమె గురించి నాలుగు మాటలు రాయమంటే ఒప్పుకున్నాను గానీ, తలెత్తుకుని రాయలేకపోతున్నాను. పోయినవారి ఇంట్లో సంఘమంతా చేరి ప్రార్థన చేసే ఆదరణ కూడిక నాడు, అంతమంది మధ్య నేను వెలగబెట్టిన నిర్వాకం చూసినవాళ్ళు కూడా ఇది చదువుతారు. చదవనివ్వండి. ముందు ఆమె సంగతి చెబుతాను.

మాది ప్రేమ వియ్యం. ప్రేమ పిల్లలది, వియ్యం మాది. ఆమె గోదావరి జిల్లాలో క్రైస్తవ కుటుంబంలో పుట్టి, ఇక్కడ హెడ్మిస్ట్రెస్‌గా రిటైరైన మనిషి. నేను సికింద్రాబాద్‌లోనే పుట్టి పెరిగి, కాలేజీలో పొలిటికల్ సైన్స్ చెప్పినదాన్ని. వియ్యపురాళ్ళం గనక ఒకరినొకరు 'వదినగారూ' అనుకుంటూ, ఏళ్ళ తరబడి ఎంతో మర్యాదగా, ఏమీ మాట్లాడుకోకుండా గడిపేశాం. ఆమె పద్మారావు నగర్‌లో మా ఇంటికొస్తే నేను మంచి కప్పులు తీసేదాన్ని. ఆమె టీ చల్లారేదాకా ఆగి, తాగేసి, వెళ్ళొస్తానండీ అనేవారు. మా మధ్య పేచీ ఎన్నడూ రాలేదు. పేచీ రావాలన్నా కొంత చనువుండాలి కదా.

ఆ చనువు నా మోకాలి ఆపరేషన్ పుణ్యమా అని వచ్చింది. కాలు చాపుకుని పడుకుని ఇంటిల్లిపాదినీ కాల్చుకు తింటున్నానని కోడలు వాళ్ళమ్మకు మొరపెట్టుకున్నట్టుంది. ఒక మధ్యాహ్నం ఆమె బట్టసంచీతో దిగారు. అందులోంచి కొక్కెం ముక్కున్న లేసు సూది, ఒక ఊలు ఉండ తీసి నా పక్కన పెట్టారు.

"ఏంది వదినగారూ ఇది?"

"మీరు ఊరికే కూర్చోలేరంటండి. పక్కవాళ్ళనీ ఊరికే కూర్చోనివ్వరంటండి. చేతులకి కాస్త పని చెబుదామని."

వాళ్ళ వైపు ఆడపిల్లలకు అక్షరాలతో పాటే లేసు అల్లడం వచ్చేదట. సన్నని తెల్లదారంతో బల్లగుడ్డల అంచులు అల్లిన చెయ్యి అది. ఈ వయసులో ఫోన్‌లో వీడియోలు చూసి ఊలుతో బొమ్మలు అల్లడం కొత్తగా పట్టుకున్నారు. జపాన్ వాళ్ళ పద్ధతట, అమిగురుమి అంటారట.

"పేరు వింటే చేపల పులుసు లెక్క ఉన్నది," అన్నాను.

"మీరు తినరు కాబట్టి మీకు ప్రమాదం లేదండి," అన్నారామె, నవ్వకుండా. ఇన్నేళ్ళూ ఆ నవ్వని ముఖం వెనక ఏముందో నేను చూసుకోలేదు.

జారుముడి, గొలుసు కుట్టుతో చదువు మొదలైంది. నా గొలుసులో ఒక కుట్టు పెసరగింజంత ఉంటే, ఒకటి చింతగింజంత. తర్వాత మ్యాజిక్ రింగ్. రెండు వేళ్ళకు ఊలు చుట్టి, ఆ చుట్టులోకి ఆరు కుట్లు వేసి, కొస లాగితే నడుమ కన్నం మాయమవుతుంది. నాది మాయం కాలేదు. "నాకు రింగ్ ఒక్కటే వచ్చింది వదినగారూ, మ్యాజిక్ మీ దగ్గరే ఉండిపోయింది," అన్నాను. ఆమె విప్పించి మళ్ళీ చుట్టించారు. రెండో వరసలో ప్రతి కుట్టులోనూ రెండేసి వెయ్యాలి. ఆ తర్వాత ఒకదాంట్లో ఒకటి, పక్కదాంట్లో రెండు. అలా పెంచుకుంటూ పోతే గుండ్రటి బిళ్ళ వస్తుంది. పెంచడం ఆపితే గోడ లేస్తుంది. రెండు కుట్లు కలిపి ఒకటి చేస్తూ తగ్గిస్తే మూతి ముడుచుకుంటుంది. తల, పొట్ట, కాలు, చెవి, అన్నీ ఈ మూడు పనులే. వరస ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో కనబడదు, నత్తగుల్లలా చుట్టూ తిరగడమే. అందుకని మొదటి కుట్టుకు పిన్నీసు గుర్తు పెట్టుకోవాలి. నేను పెట్టుకోను. నాకు గుర్తుంటుందని ధీమా. మా అపార్ట్‌మెంట్ సెక్రటరీని తిడుతూ అల్లేదాన్ని. ఒక వాక్యం పూర్తయ్యేసరికి రెండు కుట్లు ఎక్కువ పడేవి.

"లెక్క తప్పినా తల వస్తుందండి. ఎవరి తలో చెప్పలేం, అంతే," అనేవారు.

ఆమె మాత్రం పెదవులు కదుపుతూ లెక్కపెట్టుకునేవారు. మధ్యలో ఎవరొచ్చినా చూపుడువేలు పైకెత్తేవారు. వరస పూర్తయ్యేదాకా పాస్టరుగారైనా గుమ్మంలో నిలబడవలసిందే.

నా చెయ్యి వదులు. కుట్ల సందుల్లోంచి లోపలి దూది బయటకి తొంగిచూసేది. పసివాళ్ళు నోట్లో పెట్టుకునే వస్తువు గనక ఆమె ఈ విషయంలో రాజీపడేవారు కాదు. ప్లాస్టిక్ కళ్ళు కూడా పెట్టనిచ్చేవారు కాదు, నల్లదారంతో కుట్టవలసిందే. "బిగువు చేతిలో ఉండాలి వదినగారూ. మీకంతా నోట్లోనే ఉండిపోయిందండి," అన్నారొకసారి. అంత మాట నన్ను ఇంకెవరైనా అంటే ఏమయ్యేదో చెప్పను. ఆమె అంటే నవ్వొచ్చింది.

నా మొదటి బొమ్మ ఏనుగు. ఇంట్లో అందరూ వంకాయ అనుకున్నారు. చెత్తలో వెయ్యబోతే ఆమె తీసుకుపోయి తన షోకేసులో, స్కూలువాళ్ళిచ్చిన జ్ఞాపికల నడుమ కూర్చోబెట్టారు. వచ్చినవాళ్ళందరికీ "మా వదినగారు చేశారండి" అని చూపించేవారట. అదేమిటని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

మొన్నీమధ్య మా ఇద్దరి మనవరాలికి ఆడపిల్ల పుట్టింది. ముత్తవ్వలం ఇద్దరం కలిసి రెజిమెంటల్ బజార్‌కి ఊలు కొనడానికి వెళ్ళాం. ఆమె ఒక్కో ఉండ తీసి చెంపకు రాసుకుని చూస్తున్నారు, గరుకుగా ఉంటే పక్కన పెట్టేస్తున్నారు. చివరికి బూడిద రంగుది ఒకటి తీశారు. దుకాణం భాయ్ పరేషానయ్యాడు.

"అమ్మా, చిన్నపాపకంటున్నరు, గులాబీ తీస్కోండ్రి. బూడిద రంగు ఏం బాగుంటది?"

"కుందేలు గులాబీ రంగులో తిరగడం మీరెక్కడైనా చూశారేంటండీ?"

"బూడిద రంగుది సుత సూడలే అమ్మా. నాకు కోళ్ళే ఎరుక."

ఆమె దారంతా తలుచుకుని తలుచుకుని నవ్వారు. ఆటోలో నా చెయ్యి పట్టుకుని మరీ నవ్వారు.

ఆ కుందేలుకు తల, ఒళ్ళు, ఒక చెవి పూర్తయ్యాయి. రెండో చెవి సగం దాటి, సూది దాని ఆఖరి కుట్టులో ఉండగానే ఆదివారం వచ్చింది.

ఆదరణ కూడిక నాడు ఆ బట్టసంచీ ఆమె కుర్చీ పక్కనే ఉంది. "మీరు శిష్యురాలు కదండీ, మీరే పూర్తిచెయ్యాలి," అన్నారు అందరూ. నాకు ఒళ్ళు పొంగింది. ఆమె చెల్లెలు ఆ చెవిని తాకబోతే, "చేతికి ఉప్మా నూనె ఉన్నది, ముట్టకండి," అని కసిరాను. దుఃఖంలో ఉన్న మనిషి, పాపం, చెయ్యి వెనక్కి తీసుకుంది. అక్కయ్య సూది ఎలా పట్టుకునేదో అని ఇంకెవరో అన్నారు. అడగడమే ఆలస్యం, నేను క్లాసు మొదలుపెట్టాను. కొందరు కలంలా పట్టుకుంటారు, కొందరు కత్తిలా పట్టుకుంటారు, ఆవిడ మాత్రం ఇలా అంటూ, ఆ చెవిలోంచి సూది ఊడబెరికి గాలిలో పట్టి చూపించాను.

సూది తీసేసిన కుట్టు నోరు తెరుచుకుని ఉంటుంది. దానికి పిన్నీసైనా పెట్టాలి, వేలితోనైనా పట్టుకోవాలి. ఈ అల్లికలో మొదటివారం నేర్పే పాఠం ఇది.

అంతలో పాస్టరుగారు ప్రార్థనకు లేవమన్నారు. లేచాను. ఊలు ఉండ ఎవరి కుర్చీ కాలికిందో ఇరుక్కుంది. దారం ఎక్కడో పట్టేసిందనుకుని లాగాను. రాలేదు. ఇంకాస్త గట్టిగా లాగాను. వస్తున్నది ఉండ కాదు, చెవి. అల్లడానికి పూటలు పట్టిన వరసలు, చప్పుడు లేకుండా, పుటుక్కుమని కూడా అనకుండా, ఒకదాని వెనక ఒకటి ఊడొచ్చాయి. అందరూ కళ్ళు మూసుకుని ఉన్నారు. కోడలు మూసుకోలేదు.

ఆమేన్ అన్నాక అందరూ చూశారు. నా కాళ్ళ దగ్గర వంకీలు తిరిగిన ఊలు, చేతిలో వేలెడు మిగిలిన చెవి. నేను కసిరిన ఆ చెల్లెలే వంగి, కుర్చీ జరిపి, ఉండ తీసి నాకందించింది.

"శనివారం అమ్మ అది అల్లుకుంటనే నాతోని ఫోన్ మాట్లాడింది అత్తయ్యా," అంది కోడలు. గొంతులో కోపం లేదు. ఉంటే ఆ పిల్ల పక్కన నిలబడగలిగేదాన్ని.

ఊలుకు ఆవిరి పట్టిస్తే వంకీలు పోయి నున్నగా అవుతుందని పాస్టరమ్మగారు ఓదార్పుగా చెప్పారు. "వద్దండి, పోనియ్యద్దు," అని కోడలు ఆ ఊలంతా ఏరి, చిక్కు పడకుండా చేతికి చుట్టుకుని ఇంటికి తెచ్చింది.

తర్వాత నాతో మామూలుగానే ఉంది. మందు వేసుకున్నారా, కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగేది. నేను ఆ పిల్ల ముఖం చూడలేక పేపరు అడ్డం పెట్టుకునేదాన్ని. తల్లి చేతి ఆఖరి పనిని కళ్ళముందే నేను గుంజి పారేశాను. క్షమించమని అడగడానికి నాకు నోరు రాలేదు. అందరి తప్పులూ చెప్పడానికి వచ్చిన నోరే.

నిన్న మధ్యాహ్నం తనే సంచీ తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

"మీరే అల్లాలె అత్తయ్యా. నాకు రాదు."

"నా చెయ్యి లూజని మీ అమ్మనే అన్నది బిడ్డా."

"నాకు తెలుసు."

"మళ్ళ చెడగొడితే?"

"ఇంక చెడగొట్టనీకి ఏం మిగిలింది?"

నా ఇంట్లో ఉండి నేర్చుకున్న జవాబు. వచ్చినందుకు సంతోషించాను. "తప్పయింది బిడ్డా," అన్నాను. అది తల ఊపి, నేల మీద నా కాళ్ళ దగ్గర కూర్చుని, ఊలు చిక్కుపడకుండా కొద్దికొద్దిగా నాకు వదలడం మొదలుపెట్టింది.

సూది గుచ్చాను. మాట్లాడకుండా అల్లాను. ఆ ఊలు నా వేలి మీద జారలేదు, మెట్లు దిగినట్టు దిగింది. ఆమె ఎక్కడ లాగి బిగించారో అక్కడల్లా ఒక వంకీ. ఆమె కుట్టిన వరసలోనే, ఆమె ముందు వేసిన కుట్టు ముందు, తర్వాతది తర్వాత, నా చేతికి వస్తున్నాయి. నేను ఎంత బిగించినా ఆమె అంత బిగువు రాలేదు. వదులు చెయ్యి ఊలు ఎక్కువ తింటుంది. ఆమె రెండు కుట్లు వేసిన మేర నాకు ఒకటిన్నరకు చాలడం లేదు. అది తెలుస్తూనే ఉంది, ఇద్దరికీ.

చెవి ఇంకా ఆమె ఆపిన వరసకు రాలేదు. వంకీల ఊలు అయిపోయింది. దాని వెనక ఉండలోంచి నున్నటి ఊలు, ఎవరూ అల్లనిది, నా వేలి దాకా వచ్చి ఆగింది. నేను సూది ఆపాను. కోడలు చెయ్యి చాచి, ఆ ఆఖరి వంకీని రెండు వేళ్ళ మధ్య పట్టుకుంది. లాగలేదు. ఊరికే పట్టుకుంది.