తేమ మీటరు నవల, నా ఐదో గడి

టీచర్‌గారు పోయారన్న కబురు కోదాడ నుంచి ఆమె తమ్ముడు ఫోన్‌లో చెప్పారు. అప్పుడు నేను సూర్యాపేటలోని నా డీటీపీ షాపులో ఒక పెళ్లిపత్రిక ప్రూఫు దిద్దుతున్నాను. “అక్క డైరీలో మొదటి పేజీలోనే మీ నంబరు ఉందండీ, అందుకని చేశాను” అన్నారాయన. ఆ మాట తర్వాత ప్రూఫులో ఒక్క తప్పూ నా కంటికి ఆనలేదు.

ఆమె నాకు బడిలో పాఠం చెప్పలేదు. పదో తరగతితో చదువు ఆపి, కంప్యూటరు పని పుస్తకాలు చూసి నేర్చుకున్నవాణ్ణి నేను. ఆమె నా దగ్గరకు ఒక నవల టైపు చేయించుకోవడానికి వచ్చారు. వాక్యం ఎక్కడ ఆగాలో ఆ నవల టైపు చేస్తూనే నేర్చుకున్నాను. అందుకే టీచర్‌గారు అంటాను.

మిర్యాలగూడలో ఒక ప్రైవేటు బడిలో ఆమె సైన్స్ చెప్పేవారు. అక్కడ చదివేది ఎక్కువగా రైసుమిల్లుల యజమానుల పిల్లలు. ఆ ఊళ్లో టైపు చేసేవారు లేక కాదు, రాసింది ఆ పిల్లల గురించి కనుక, శనివారం మధ్యాహ్నాలు బస్సెక్కి సూర్యాపేట వచ్చేవారు. గుడ్డసంచిలో ఇరవై కాగితాలు, రెండు జామకాయలు. ఒకటి నా కీబోర్డు పక్కన పెట్టి, రెండోది తానే కొరుకుతూ నా వెనక నిలబడేవారు. కుర్చీ వేస్తే కూర్చునేవారు కాదు. “క్లాసులో నిలబడి నిలబడి అలవాటైపోయింది బాబూ. కూర్చుంటే ఆలోచన రాదు” అనేవారు.

నవలలోది రాబోయే కాలపు మిల్లుల ఊరు. ధాన్యంలో తేమ చూసే మీటరు లాంటి పరికరం ఒకటి ఐదుగురు సంపన్నుల పిల్లల చేతికి వస్తుంది. గుప్పిట్లో పట్టుకుంటే, ఆ మనిషి లోపల ఎంత దాచుకున్నాడో దాని ముల్లు చూపుతుంది. ఏం దాచాడో మాత్రం చెప్పదు. ఆ ఐదుగురిలో ఒక అమ్మాయికి చదవడం రాదు. విన్నదంతా కంఠస్థం చేసి పదో తరగతి దాకా నెట్టుకొస్తుంది.

“కార్లలో తిరిగే పిల్లలకు బాధలేముంటాయి మేడం?” అని ఒకసారి అడిగాను.

“బస్తా పైన చెయ్యి పెట్టి చూస్తే పొడిగానే ఉంటుంది బాబూ. మీటరు లోపలికి గుచ్చాలి” అన్నారు.

పట్టిక రాసుకోనిదే నాకు పని సాగదు. పాత్రల పేర్లు తారుమారు కాకుండా ఐదు గడులతో ఒక కాగితం తయారుచేసుకున్నాను. పేరు, వయసు, ఇల్లు, కారు, రహస్యం. ఏడో అధ్యాయంలో చదవడం రాని ఆ అమ్మాయి కారు తెలుపు కాస్తా ఎరుపైంది. ఫోన్ చేసి అడిగితే ఆమె నవ్వారు. “అసలు పిల్లది ఎరుపే. మార్చబోయి మరిచిపోయాను” అని, ఆ పిల్ల ఎవరో కూడా చెప్పారు. మళ్లీ పొరపాటు రాకూడదని ఐదో గడిలో, రహస్యం కిందనే, ఆ అసలు పేరు పెన్సిలుతో రాసుకున్నాను. తర్వాతి వారాల్లో మిగతా నలుగురి పేర్లూ అడిగి రాశాను. పనిలో శ్రద్ధ అనుకున్నాను.

మా ప్రూఫులు బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపేవాళ్లం. ఆమె స్టాండులో తీసుకునేవారు. చివరి కట్ట వెళ్లిన రోజు ఆమెకు జ్వరం. బడి అటెండరు తెచ్చి స్టాఫ్‌రూములో పెట్టాడు. ఎవరో విప్పారు. కట్ట మధ్యలో, నేను చూసుకోకుండా పెట్టేసిన నా పట్టిక ఉంది.

వారం తిరక్కుండా ఆ ఎర్ర కారు అమ్మాయి బడి మానేసింది. తండ్రులు బడికి వచ్చారు. ఈ కాగితం ఎవరిదని యాజమాన్యం అడిగితే, టీచర్‌గారు “నాదే” అని తీసుకున్నారట. ఉద్యోగం వదిలి కోదాడలో తమ్ముడింటికి చేరారు. నాకు ఒక్కసారే ఫోన్ చేశారు.

“పుస్తకం వద్దు బాబూ. సీడీ నీ దగ్గరే ఉంచు.”

కాగితం సంగతి ఆమె ఎత్తలేదు. ఎత్తితే ఒప్పుకుందామని నేను ఆగాను. ఆ తర్వాత ఎనిమిదేళ్లలో పండగలకు ఫోన్ చేశాను, కోదాడ మీదుగా వెళ్లినప్పుడల్లా పలకరించాను. ఎప్పుడు వెళ్లినా నా చేతిలో ఒక జామకాయ పెట్టేవారు. వెళ్లే ముందు చెప్పవలసిన మాటలన్నీ కాగితం మీద రాసుకునేవాణ్ణి. మొదటి మాట ఎప్పుడూ అదే. జేబులో మడిచి, అలాగే తిరిగి తెచ్చుకునేవాణ్ణి.

దినకర్మ నాడు ఆ ఇంటి గేటు పక్కన ఒక యువతి నా దగ్గరకు వచ్చింది.

“నమస్తే అన్నా. నేను మిర్యాలగూడ పిల్లను. ఎర్ర కారు” అంది.

“ఆ కాగితం నాదమ్మా. టీచర్‌గారిది కాదు” అన్నాను. ఎనిమిదేళ్ల మాట అంత చిన్నగా ఉంది.

“నాకెరుకే. టీచర్‌కు గూడ ఎరుకే. గంత గుండ్రంగ, స్కేలు పెట్టి గీతలు కొట్టి మీరు గాక ఇంకెవరు రాస్తరు?” తర్వాత మెల్లగా చెప్పింది. “మా అమ్మనే నన్ను ప్రతి ఆదివారం గీడికి తోల్కొచ్చేది, సదువు నేర్పుమని. ఆ అన్నను అడుగురాదు టీచర్ అంటే, ‘ఆయనే చెప్తాడు, ఆగు’ అనేది. సూస్తనే ఉండె అన్నా, ఆఖరు దాక.”

హ్యాండ్‌బ్యాగులోంచి ప్లాస్టిక్ కవరులో పెట్టిన సన్నటి కాగితం ముక్క తీసింది. నా పట్టికలోంచి ఈ అమ్మాయి వరస మాత్రమే కత్తిరించి ఇచ్చి, మిగతా నలుగురిదీ టీచర్‌గారు పొయ్యిలో వేశారట. ఈ అమ్మాయి కూడబలుక్కుని చదివిన మొదటి కాగితం అదేనట.

“జర సూసి ఇయ్యన్నా. నాకు గావాలె” అంది.

చూశాను. రహస్యం గడిలో నా చేతిరాత అలాగే ఉంది: చదవడం రాదు. ‘రాదు’ మీద ఎర్ర సిరాతో ఒక గీత. దాని కింద, గడి దాటి పక్కకు పోతూ, ఒకటి పెద్దది ఒకటి చిన్నదిగా వణికిన అక్షరాల్లో ఇంకో మాట: వచ్చింది.