మాటకో బ్రేకు

బండి నడుపుతున్న మా పెదనాన్నని ఎవరైనా పలకరిస్తే ఆయన ముందు ఇండికేటర్ వేస్తారు. తర్వాత అద్దంలో చూసుకుని, బండిని నెమ్మదిగా రోడ్డు పక్కకి తీసి, హ్యాండ్ బ్రేకు లాగి, ఇంజను కట్టేసి, అప్పుడు మన వైపు తిరిగి "ఆ, ఏమన్నావు?" అంటారు. మనం అన్నదల్లా "ఎండ బాగా ఉంది కదా పెదనాన్నా" అని. "అవున్రా, బాగానే ఉంది" అనేసి మళ్ళీ తాళం తిప్పుతారు.

ఆయన నడిపేది స్కూలు వ్యాను. అందులో పద్దెనిమిది మంది పిల్లలు. లెక్కల పరీక్ష ఉన్న రోజున వాళ్ళంతా కూడబలుక్కుని వంతులవారీగా అడిగేవారు.

"తాతా, ఏనుగుకి జలుబు చేస్తుందా?"

ఇండికేటర్. అద్దం. బ్రేకు. "చేస్తుందనుకుంటా. తుడుచుకోడానికి ఎంత గుడ్డ కావాలో పాపం."

వంద గజాలు వెళ్ళగానే ఇంకొకడు. "తాతా, మరి చేపకి దాహమేస్తుందా?"

పావుగంట దారి ముప్పావుగంట పట్టేది.

మా పెద్దమ్మ ఆయన బండెక్కడమే మానేసింది. "ఈయనతో దారిలో పోట్లాడదామన్నా బండి ఆపేస్తారు. ఆపి, శ్రద్ధగా వింటారు. అంత శ్రద్ధగా వింటుంటే ఇంకేం పోట్లాడతాం!" అనేది.

నాకు మెకానిక్ షెడ్డుంది. బంపరు నలగ్గొట్టుకుని వచ్చేవాళ్ళలో సగంమంది చెప్పేది ఒకటే: "ఒక్క క్షణం ఫోను చూశానంతే." ఆ ఒక్క క్షణంలో బండి ఎంత దూరం గుడ్డిగా పరిగెత్తిందో వాళ్ళకి తెలియదు, నలిగిన రేకుకి తెలుసు. నేనూ తక్కువ తినలేదు. ఒకసారి బాగుచేసిన బండిని పరీక్షిస్తూ, చెవి దగ్గర ఫోనుతో వచ్చి నా షెడ్డు తలుపునే గుద్దాను. తెరిచే ఉందనుకున్నాను. పెదనాన్న తిట్టలేదు. "తలుపుదే తప్పురా, హారన్ కొట్టకుండా ఎదురొచ్చింది" అన్నారంతే.

ఇరవై రెండేళ్ళలో ఆయన వ్యానుకి నేను ఒక్క సొట్ట కూడా తీయలేదు. హ్యాండ్ బ్రేకు కేబులు మాత్రం ఏడాదికి మూడుసార్లు మార్చాను.

కానీ స్కూలుకి టైము కావాలి. కొత్తగా వచ్చిన ప్రిన్సిపాల్ మేడమ్ తేల్చి చెప్పారు: "ఇంకొక్కసారి గంట కొట్టాక వస్తే వేరే డ్రైవర్‌ని పెట్టుకుంటాను." అసలు ఆలస్యం ఎక్కడవుతోందో కనిపెడదామని మర్నాడు ఆవిడే వ్యానెక్కి ముందు సీట్లో కూర్చున్నారు. వెనక చక్రం కిచకిచమంటోందని ఆ సంగతేదో వినడానికి నేనూ ఎక్కాను. ఆ వ్యాను పోతే పెదనాన్నకి పొద్దెలా పోతుందన్నదే నా బెంగ. పిల్లల్ని ముందే బతిమాలాను. "ఇవాళ నోరు తెరవకండర్రా. తెరిస్తే తాత ఉద్యోగం ఊడుతుంది." అందరూ పెదాలు బిగించుకుని తలలూపారు.

ముందు నోరు తెరిచింది మేడమే. "రోజూ ఈ దారేనా?"

ఇండికేటర్. అద్దం. బ్రేకు. "ఇదేనమ్మా."

"ఈమాత్రం దానికి ఆపడమెందుకండీ?"

"ఎలాగూ ఆపాం కదమ్మా, ఇంకేమైనా అడగాలనుంటే ఇప్పుడే అడిగేయండి."

కాసేపటికి ఆవిడ ఫోను మోగింది. తీయబోయి, ఇండికేటర్ వైపు కదిలిన ఆయన చెయ్యి చూసి, ఫోను కట్టేసి సంచిలో పడేశారు.

ఇంకా రెండు మలుపులు. బడి గంట కొట్టడానికి నాలుగు నిమిషాలుంది. గట్టెక్కామనుకున్నాను. అప్పుడు చివరి సీట్లోంచి సన్నగా వినిపించింది.

"తాతా."

ఆ పిల్ల బళ్ళో చేరి రెండు నెలలైంది. వ్యానులోగానీ క్లాసులోగానీ అంతవరకు ఎవరితోనూ ఒక్క ముక్క మాట్లాడలేదు.

"దిగాక చెబుదువుగానిలే తల్లీ" అన్నాను గుసగుసగా. పెదనాన్న చెయ్యి అప్పటికే ఇండికేటర్ మీదుంది.

"పెదనాన్నా, పోనివ్వు! వచ్చేశాం!"

ఆయన ఇంజను కట్టి, దిగి, వెనక తలుపు తీసి ఆ పిల్ల ముందు వంగారు. "చెప్పమ్మా."

ఆ పిల్ల గుప్పిట విప్పింది. "నా పన్ను ఊడింది."

"అబ్బో! ఏదీ, ఆ కొత్త కిటికీ చూడనీ."

ఇక మిగతా పదిహేడు మందీ ఆగలేదు. "నాకూ చూపించవే!" "నొప్పెట్టిందా?" "నాలిక దూర్చి చూడు!" ఆ పిల్ల అందరికీ నోరు తెరిచి చూపిస్తోంది, మధ్యమధ్యలో కథంతా చెబుతోంది. రెండు నెలల మాటలు ఒక్కసారి బయటికొచ్చాయి. దూరంగా స్కూలు గంట మోగింది.

మేడమ్ దిగి వచ్చారు. "నడుపుతూనే ‘ఊఁ’ అనొచ్చు కదండీ?"

"పిల్లలమ్మా. మొహం చూసి వింటేనే విన్నట్టు వాళ్ళకి. మొహం చూస్తే రోడ్డు కనపడదు. నోర్మూసుకోండి అనేస్తే సులువే, కానీ నాకు నోరు రాదు. అందుకని ఆపుతాను."

ఇన్నేళ్ళూ అది చాదస్తం అనుకున్నాను. బండ్ల సంగతి నాకంతా తెలుసనే అనుకున్నాను.

ఇంకా నోరు తెరిచి చూపిస్తున్న ఆ పిల్లని మేడమ్ కాసేపు చూశారు. "రేపట్నుంచి అరగంట ముందు బయలుదేరండి."

"దారి పావుగంటే కదమ్మా."

"దారికి పావుగంట చాలు. ఆ అరగంట మాటలకి."

పెదనాన్న గడ్డం గోక్కుని ఆలోచించారు.

"మీరూ వస్తారంటే ఇంకో పది కలపాలమ్మా" అన్నారు.