పాటల పెట్టెలో ఏడో మెట్టు

దెయ్యాల మాట ఎవరన్నా ఎత్తితే నాకు అరికాలి మంట నెత్తికెక్కుద్ది. ఇప్పుడూ అంతే. నేను కరెంటు పని చేసినోణ్ణి. బల్బు వెలగలేదంటే వైరు తెగిందా, బల్బు పోయిందా అని చూస్తా గానీ గాలి సోకిందనుకునే రకం కాదు. అందుకే ఈ సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలా.

అరవైల్లో మేం మాచర్లలో ఉండేవాళ్లం. సాగర్ డ్యాం కడుతున్న రోజులు. అక్కడ వర్క్‌షాపులో నేను ఎలక్ట్రీషియన్ని. పాత ప్యానెళ్లు విప్పి పారేసేటప్పుడు వాటిల్లో నియాన్ బల్బులు దొరికేవి. చింతగింజంత ఉంటయ్. లోపల తీగ కాలదు, గ్యాసే నారింజరంగులో వెలుగుద్ది. మేస్త్రీని అడిగి జేబులో వేసుకొచ్చేవాణ్ణి.

నా భార్య సలోమి మా చర్చిలో పాట ఎత్తేది. చర్చికి హార్మోనియం లేదు. ఆమె ఎత్తుకుంటేనే మిగతా జనం అందుకునేది. నాలుగు పాటలయ్యేసరికి గొంతు బొంగురుపోయేది. నీకు తోడుగా ఒక పాటల పెట్టె చేసిపెడతా, క్రిస్మస్‌కల్లా నీ గొంతుకి సుఖం అని చెప్పా.

"పెళ్లికి ముక్కుపుడక చేయించలేదు గానీ, ఇప్పుడు పాటల పెట్టె చేస్తాడంటమ్మా!" అని మా అత్తతో చెప్పి ఒకటే నవ్వు. మా అత్త మా ఇంట్లోనే ఉండేది.

పెట్టెలో పెద్ద విద్యేం లేదు. బల్బు పక్కన కరెంటు పట్టి ఉంచే కండెన్సరు పెడితే, అది నిండగానే బల్బు వెలిగి దాన్ని ఖాళీ చేసుద్ది. మళ్లీ నిండుద్ది, మళ్లీ ఖాళీ. సెకనుకి వందలసార్లు ఇట్లా జరిగితే రేడియో స్పీకర్లో అది స్వరంగా వినపడుద్ది. తొందరగా నిండేకొద్దీ స్వరం పైకి పోద్ది. అది సరిచేయటానికి మెట్టుకో నాబ్. హార్మోనియంకి ఉన్నట్టు నొక్కటానికి ఎనిమిది మెట్లు, ఎనిమిది బల్బులు. ఊళ్లో కరెంటు మీద పెడితే వోల్టేజీతోపాటు పాటా ఊగుద్దని పాత రేడియోల్లో వాడే తొంభై వోల్టుల బ్యాటరీలు పెట్టా.

శ్రుతి చేయటానికి నా దగ్గర ఏముంది? సలోమి గొంతే. నాకు పాట రాదు, రెండు స్వరాలు కలిసినయ్యా లేదా అనేది మాత్రం తెలుసుద్ది. ఆదివారం చర్చి అయ్యి, అన్నాలు తిన్నాక ఆమె ఒక స్వరం పట్టి నిలబెట్టేది. నేను నాబ్ తిప్పుకుంటా కలిపేవాణ్ణి.

పై సాతో సహా ఏడు మెట్లు అయినయ్. 'ని' నిలబెట్టటం ఆమెకి కష్టమని చివరికి ఉంచాం. ఆ ఆదివారం నేను కలిపేలోపే ఆమె గొంతు కిందకి జారిపోతోంది. మళ్లీ పాడమన్నా. మళ్లీ జారింది.

"ఈ పూటకి చాల్లేయ్యా. కాసేపు పడుకుంటా" అంది.

నాకు తిక్క రేగింది. "ఒక్క మెట్టే గదే మిగిలింది! బద్ధకం మాని పాడు" అన్నా. ఆమె నా వంక చూసింది. గోడకి ఆనుకుని ఇంకో పదిసార్లు పాడింది. చివరికి ఆ జారిన చోటే నాబ్ వదిలేసి లేచిపోయా.

బ్యాటరీ ఐదు వోల్టులు తగ్గితే పెట్టె మోత విని చెప్పేవాణ్ణి. పెళ్లాం గొంతు తగ్గితే బద్ధకం అనుకున్నా.

వారం తిరక్కుండానే నెత్తురు కక్కుకుంది. నరసరావుపేట ఆసుపత్రిలో డాక్టరు, ఊపిరితిత్తులు రెండూ పాడైనయ్, ఎన్నాళ్ల నుంచి దగ్గుతోందయ్యా అన్నాడు. నాకు తెలియదు. మా అత్తకి తెలుసు. పెట్టె అయిందాకా ఆయనకి చెప్పబాకమ్మా, పని మధ్యలో ఆపేస్తాడు అందంట. పదకొండో రోజు సలోమి పోయింది. క్రిస్మస్‌కి ఇంకా నెల ఉంది.

ఆమె కోసం చేసిన పెట్టె చర్చిలోనే ఉండాలనుకున్నా. శ్రుతి సరిచూసుకోమని పాస్టరుగారు గురజాల నుంచి ఒక హార్మోనియం అడిగి మా ఇంటికి తెచ్చిపెట్టారు. దాని పక్కన పెట్టి చూస్తే ఏడు మెట్లూ వెంట్రుకంత తేడా లేకుండా కలిసినయ్. 'ని' ఒక్కటి సరిచేశా.

మర్నాటికి అది దిగిపోయింది. మళ్లీ చేశా. మళ్లీ దిగింది. బల్బు మార్చా. కండెన్సరు మార్చా. నాబ్ మార్చా, బ్యాటరీలూ మార్చా. ఈ బల్బులు ఎండకీ చలికీ కాస్త అటూఇటూ పోతయ్, కాదనను. పోతే ఎనిమిదీ పోవాలి. ఇది ఒక్కటే పోతోంది, అదీ ప్రతిసారీ అదే చోటికి. సలోమి గొంతు జారిన ఆ చోటు నేను మర్చిపోయేది కాదు.

క్రిస్మస్‌కి ముందు ఆదివారం, మధ్యాహ్నం పూట మళ్లీ కూర్చున్నా. ఈసారి మెట్టు నొక్కి పట్టుకుంటే స్వరం సరిగ్గానే మొదలై, నా వేలు కిందే జారటం మొదలుపెట్టింది. కాస్త ఆగింది. మళ్లీ పైనుంచి మొదలైంది, మళ్లీ జారింది. వంటింట్లోనుంచి మా అత్త తడిచేతుల్తో పరిగెత్తుకొచ్చింది.

"ఇంక ఆపయ్యా! నా బిడ్డకి ఆయాసం వస్తంది" అంది.

నాకు ఏడుపు ఆగలా. పెట్టె మీద తల పెట్టేశా. "చాల్లేవే సలోమీ. పాడినకాడికి చాలు. పడుకో" అన్నా. నా వేలు మెట్టు మీదే ఉంది, తీయలేదు. స్వరం ఆగిపోయింది. బల్బు ఆరిపోయింది.

అంతే, ఆ మెట్టు మళ్లీ పలకలా. ఆ బల్బు పీకి పక్క మెట్టులో పెడితే శుభ్రంగా వెలుగుద్ది. పక్క మెట్టు బల్బు తెచ్చి ఇక్కడ పెడితే వెలగదు. వైరంతా కొత్తది వేశా. మీటరు పెడితే ముల్లు నిండా వోల్టేజీ చూపిస్తంది. దెయ్యం అని నేను అనను. ఏందో మాత్రం నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ క్రిస్మస్‌కి పెట్టెని అట్లాగే చర్చికి ఇచ్చా. చానా ఏళ్లు పాడింది. 'ని' వచ్చినచోట పెట్టె ఊరుకునేది, జనమే పాడేది. అది బాగుచేయకూడదా, అంత పనిమంతుడివి అని పాస్టరుగారు రెండుమూడుసార్లు అడిగారు. చూస్తాలెండి అనేవాణ్ణి.

చూడలా. ఆమె చాల్లేయ్యా అన్న ఆదివారం అనాల్సిన మాట అంత ఆలస్యంగా అన్నా. పడుకోమన్నది నేనే గదా, మళ్లీ నేనే ఎట్లా లేపుతా?